ఊ కొట్టినవాడు

నరుటో చూసినవాళ్లకి ఈ పేర్లు కొత్త కాదు. అమతెరాసు, త్సుకుయోమి, సుసానో, ఇజనాగి, ఇజనామి. ఇటాచీ కంట్లోంచి పుట్టే నల్ల మంట అమతెరాసు. అతని చుట్టూ లేచి నిలబడే పెద్ద ఆకారం సుసానో. ఒరోచిమారు కత్తి పేరు కుసనాగి. మా హాస్టల్‌లో అర్ధరాత్రి ఏ రూమ్ తలుపు తట్టినా వీటిలో ఏదో ఒక పేరు వినిపిస్తుంది. కానీ ఇవన్నీ యానిమే వాళ్లు కనిపెట్టిన పేర్లు కావు. ఇవి జపాన్ షింటో మతంలో దేవతల పేర్లు. మనకి ముక్కోటి దేవతలున్నట్టు వాళ్లకి ఎనభై లక్షల మంది దేవతలు. వాళ్లని కామి అంటారు. చెట్టులో ఒక కామి, కొండలో ఒక కామి, గాలిలో ఒక కామి.

ఈ దేవతల్లో చాలామందికి సొంత ఊరు ఒకటుంది. పేరు ఇజుమో. జపాన్ పెద్ద దీవికి పడమటి వైపు, కొరియా వైపు తిరిగి ఉన్న సముద్రతీరం. ఇప్పుడు దాన్ని షిమానే జిల్లా అంటున్నారు. ఈరోజుకీ అక్కడికి బుల్లెట్ రైలు లేదు. టోక్యోలో రాత్రి స్లీపర్ రైలెక్కితే ఇజుమో చేరడానికి దాదాపు 12 గంటలు పడుతుంది. ఎనిమిది తలల పాముని సుసానో చంపింది ఇక్కడే, హీ నది ఒడ్డున. ఆ పాము తోకలో దొరికిన కత్తే కుసనాగి. చనిపోయిన భార్య ఇజనామి కోసం ఇజనాగి పాతాళానికి వెళ్లి, భయపడి పారిపోయి వచ్చి, దారికి బండరాయి అడ్డం పెట్టింది కూడా ఇక్కడే అంటారు.

130 ఏళ్ల కిందట ఈ మారుమూల ప్రాంతం గురించి ఇంగ్లిష్‌లో వివరంగా రాసి ప్రపంచానికి చెప్పినవాడు జపాన్‌వాడు కాదు. అతనికి జపనీస్ చదవడం కూడా సరిగ్గా రాదు. ఒక కన్ను లేదు, రెండో కన్ను అంతంత మాత్రం. అతని పేరు లఫ్కాడియో హెర్న్. జపాన్‌లో కొయిజుమి యాకుమో అంటే స్కూలు పిల్లలకి కూడా తెలుస్తుంది. అతని జీవితం చదువుతున్నంతసేపూ నాకు ఒకటే అనిపించింది. కథ చెప్పేవాళ్లు ఎక్కడైనా దొరుకుతారు. కుదురుగా కూర్చుని ఊ కొట్టేవాళ్లే దొరకరు. హెర్న్ జీవితమంతా ఊ కొట్టాడు.

హెర్న్ 1850 జూన్ 27న గ్రీసు దేశంలో లెఫ్కాడా అనే దీవిలో పుట్టాడు. లఫ్కాడియో అన్న పేరు ఆ దీవి పేరే. తండ్రి చార్లెస్ హెర్న్ ఐర్లండ్ మనిషి, బ్రిటిష్ సైన్యంలో డాక్టరు. తల్లి రోజా గ్రీకు ఆవిడ. పిల్లాడికి రెండేళ్లప్పుడు తల్లీకొడుకులు డబ్లిన్‌లోని అత్తారింటికి వచ్చారు. రోజాకి ఇంగ్లిష్ రాదు. అక్కడ ఆమె భాష మాట్లాడేవాళ్లు లేరు, చలి, తెలియని మనుషులు. 1854లో ఆమె గ్రీసుకి తిరిగి వెళ్లిపోయింది. కొడుకు ఆమెని మళ్లీ చూడలేదు. తండ్రి ఆ పెళ్లి రద్దు చేయించుకుని ఇంకో పెళ్లి చేసుకున్నాడు. రోజా 1882లో కోర్ఫూ దీవిలో ఒక మానసిక వైద్యశాలలో చనిపోయింది. జేమ్స్ అని ఒక తమ్ముడున్నాడు. అతన్ని వేరే చోట పెంచారు. పెద్దయ్యాక అన్నదమ్ముల మధ్య కొన్ని ఉత్తరాలు నడిచాయి గానీ, కలుసుకోలేదు.

పిల్లాణ్ణి తండ్రి వైపు ముసలావిడ ఒకరు పెంచారు. డబ్బున్న ఇల్లే, కానీ పిల్లలు లేని ఇల్లు. చీకటంటే అతనికి విపరీతమైన భయం. గదిలో దయ్యాలు కనిపిస్తున్నాయని ఏడ్చేవాడు. భయం పోగొట్టాలని రాత్రిళ్లు దీపం లేకుండా గదిలో పెట్టి బయట తాళం వేసేవాళ్లు. భయం పోలేదు. దయ్యాలు నిజమేనన్న నమ్మకం మాత్రం గట్టిపడింది. తర్వాత ప్రపంచంలోనే పేరున్న దయ్యాల కథలు రాసిన మనిషికి మొదటి క్లాస్‌రూమ్ ఆ చీకటి గదే.

పదహారేళ్ల వయసులో ఇంగ్లండ్‌లో ఒక కాథలిక్ స్కూల్లో ఆడుకుంటుంటే తాడు ముడి తగిలి ఎడమ కన్ను పోయింది. కన్ను మీద తెల్లటి పొర మిగిలింది. కుడి కన్నుకి ముందునుంచే చూపు తక్కువ. భారమంతా దాని మీదే పడి అది కాస్త ఉబ్బినట్టయింది. ఆ తర్వాత తీసిన దాదాపు ప్రతి ఫొటోలో అతను తల పక్కకి తిప్పుకునో, కళ్లు దించుకునో కనిపిస్తాడు. షింటో పురాణంలో ఇజనాగి ఎడమ కన్ను కడుక్కుంటే సూర్యదేవత అమతెరాసు పుట్టింది. హెర్న్‌కి పోయింది ఆ ఎడమ కన్నే. ఇందులో పెద్ద అర్థమేమీ లేదు గానీ, చదివినప్పుడు ఒక్క క్షణం ఆగాను.

కొంతకాలానికి పెంచిన ముసలావిడ ఆస్తి కరిగిపోయింది. చదువు ఆగింది. 1869లో కుర్రాడి చేతిలో ఓడ టికెట్ పెట్టి అమెరికా పంపించేశారు. అప్పుడతనికి 19 ఏళ్లు. అది ఇప్పుడు నా వయసు. నాకు హాస్టల్ ఉంది, మెస్ ఉంది, నెలాఖరుకి ఫోన్ చేస్తే డబ్బు వేసే నాన్న ఉన్నారు. అతనికి సిన్సినాటి నగరంలో చిరునామా కూడా లేదు. దొరికిన చోట పడుకున్నాడు, దొరికిన పని చేశాడు. హెన్రీ వాట్కిన్ అనే ముసలి ప్రింటర్ జాలిపడి తన ప్రెస్సులో చోటిచ్చి అచ్చు పని నేర్పాడు. అక్కణ్ణుంచి పత్రికల్లోకి వెళ్లాడు. 1874లో ఊళ్లో జరిగిన ఒక ఘోరమైన హత్య గురించి రాసిన రిపోర్టుతో అతని పేరు మోగిపోయింది.

అదే సంవత్సరం అతను మ్యాటీ ఫోలీ అనే ఆవిణ్ణి పెళ్లి చేసుకున్నాడు. ఆమె అతనున్న బోర్డింగ్ హౌస్‌లో వంటమనిషి. నల్లజాతి మహిళ, బానిసగా పుట్టిన మనిషి. తెల్లవాళ్లు, నల్లవాళ్లు పెళ్లి చేసుకోవడం అప్పట్లో ఒహాయో చట్టం ప్రకారం నేరం. విషయం బయటపడ్డాక పత్రిక అతన్ని ఉద్యోగంలోంచి తీసేసింది. మ్యాటీకి దయ్యాల కథలు బాగా వచ్చు. తను చూశానని నమ్మిన దయ్యాల సంగతులు చెప్తుంటే హెర్న్ విని పత్రికలో రాశాడు. కానీ అందులో ఆమె పేరు పెట్టలేదు. కాపురం నిలవలేదు. 1877లో అతను ఒక్కడే న్యూ ఆర్లీన్స్ వెళ్లిపోయాడు. అతను చనిపోయాక మ్యాటీ ఆస్తిలో వాటా కోసం కోర్టుకెళ్తే, అసలు ఆ పెళ్లే చెల్లదు అన్నారు. ఈ పేజీని తొందరగా తిప్పేయడం నాకు ఇష్టం లేదు. తర్వాత జపాన్‌లో జరిగింది అర్థం కావాలంటే మ్యాటీని గుర్తుపెట్టుకోవాలి.

న్యూ ఆర్లీన్స్‌లో పదేళ్లు, మార్టినీక్ దీవిలో రెండేళ్లు గడిపాడు. వెళ్లిన చోటల్లా వీధి కేకలు, సామెతలు, వంటలు, దయ్యాలు పోగుచేసుకున్నాడు. న్యూ ఆర్లీన్స్‌లో జరిగిన పెద్ద ఎగ్జిబిషన్‌లో జపాన్ వస్తువులు చూశాడు. అక్కడే హత్తోరి ఇచిజో అనే జపాన్ విద్యాశాఖ అధికారితో పరిచయమైంది. 1890 ఏప్రిల్ 4న ఒక అమెరికన్ పత్రిక పంపితే వ్యాసాలు రాయడానికి యోకొహామాలో దిగాడు. తనతో వచ్చిన బొమ్మలు గీసే ఆయనకి తనకంటే ఎక్కువ డబ్బు ఇస్తున్నారని తెలిసి ఆ పత్రికతో తెగతెంపులు చేసుకున్నాడు. దేశం కాని దేశం, నలభై ఏళ్ల వయసు, జేబులో ఏమీ లేదు. పాత పరిచయం పనికొచ్చింది. హత్తోరి, ఇంకా కోజికి పురాణాన్ని ఇంగ్లిష్‌లోకి అనువదించిన ప్రొఫెసర్ చేంబర్లెన్ సాయంతో మాట్సుయే అనే ఊళ్లో ఇంగ్లిష్ టీచర్ ఉద్యోగం దొరికింది. నెలకి 100 యెన్‌లు. మాట్సుయే అంటే ఇజుమో ప్రాంతానికి ముఖ్యపట్టణం. అలా అవసరం కొద్దీ వెతుక్కున్న ఉద్యోగం అతన్ని నేరుగా దేవతల ఊరికి తీసుకెళ్లింది.

అప్పట్లో అటువైపు రైలు లేదు. హిమేజీ నుంచి మనిషి లాగే రిక్షాలో, కొండలు దాటి, ఈ సముద్రం నుంచి ఆ సముద్రానికి నాలుగు రోజుల ప్రయాణం. తోడుగా అకిరా అనే కుర్రాడు దుబాసీగా వచ్చాడు. దారిలో వరిచేలు, ప్రతి ఊరికీ ఒక తోరీ. తోరీ అంటే మన తోరణంలాగే గుడి ముందు నిలబెట్టే ద్వారం. పొలాల మధ్య వెదురు పుల్లలకి కట్టిన తెల్ల కాగితాలు కనిపించాయి. దూరం నుంచి బాణాలు గుచ్చినట్టున్నాయి. దగ్గరికెళ్తే అవి పంటని కాపాడమని దేవతలకి పెట్టిన ప్రార్థనలు. ఒక రాత్రి కొండల్లోని పల్లెటూళ్లో ఆగితే, గుడి ముంగిట్లో వెన్నెల్లో ఆడవాళ్లు వలయంగా నాట్యం చేస్తున్నారు. చనిపోయినవాళ్లు ఇళ్లకి వచ్చి వెళ్లే పండగ అది, పేరు బోన్. వాయిద్యాలు పెద్దగా లేవు. అందరి చేతులూ ఒకేసారి కదలడం, మెల్లగా ఒక చప్పట్ల శబ్దం, గడ్డి చెప్పుల అలికిడి. హెర్న్ ఆ రాత్రి గురించి రాసిన పేజీలు చదివితే అతను చూసిందానికంటే విన్నదే ఎక్కువ ఉంటుంది.

1890 ఆగస్టు 30న మాట్సుయే చేరాడు. షింజి సరస్సు ఒడ్డున చిన్న పట్టణం, మధ్యలో నది, పాత కోట. ఆ ఊళ్లో తెల్లవారడం ఎలా ఉంటుందో అతను రాసిన వ్యాసంలో మొదట సూర్యుడు కనిపించడు. మొదట బియ్యం దంచే చప్పుడు వినిపిస్తుంది. నేలలోంచి, దిండులోంచి గుండె కొట్టుకున్నట్టు వచ్చే దెబ్బ. తర్వాత గుడిగంట. తర్వాత కూరగాయలమ్మే వాళ్ల కేకలు. తర్వాత నది ఒడ్డున జనం సూర్యుడికి దణ్ణం పెడుతూ కొట్టే చప్పట్లు. ఆ తర్వాత చెక్క వంతెన మీద వందల చెక్క చెప్పుల టకటక. రోకలిపోటుతో లేచే ఇంట్లో పెరిగినవాళ్లకి ఇది వివరించాల్సిన పని లేదు. మన తాతమ్మలకి ఆ చప్పుడు తెలుసు. చూపు సగమే ఉన్నవాడికి ఊరు ముందు చెవుల్లోంచి ఇంట్లోకి వస్తుంది.

రెండు వారాల్లోనే, సెప్టెంబర్ 13న, ఇజుమో మహాక్షేత్రానికి బయల్దేరాడు. చిన్న స్టీమర్‌లో సరస్సు దాటి, అక్కణ్ణుంచి రిక్షాలో. ఆ గుడిలో ఉన్న దేవుడు ఓకునినుషి. ఈ దేవుడి కథ నాకు చాలా ఇష్టం. ఈ నేలని దున్ని, బాగుచేసి, ఊళ్లు కట్టినవాడు అతను. చర్మం ఊడిపోయి ఏడుస్తున్న కుందేలుకి వైద్యం చేసినవాడు. కానీ ఒకరోజు సూర్యదేవత మనుషులు వచ్చి ఈ రాజ్యం మాది, ఇచ్చెయ్యమన్నారు. చివరికి ఇచ్చేశాడు. బదులుగా ఆకాశాన్నంటే మందిరం ఒకటి కట్టమని అడిగాడు. కనిపించే లోకం వాళ్లకి, కనిపించని లోకం ఇతనికి. మన బలి చక్రవర్తి గుర్తుకొస్తాడు కదా. ఇప్పుడున్న ప్రధాన మందిరం 1744లో కట్టింది, ఎత్తు 24 మీటర్లు. పూర్వం దానికి రెట్టింపు, 48 మీటర్లు ఉండేదని చెప్పుకుంటే చాలామంది పుక్కిటి పురాణం అనుకున్నారు. 2000 సంవత్సరంలో గుడి ఆవరణలో తవ్వితే, మూడేసి దుంగలు కలిపి కట్టిన భారీ స్తంభాల మొదళ్లు దొరికాయి. 48 మీటర్లు నిజమో కాదో గానీ, అంత లావు స్తంభాలు పొట్టి గుడికి అక్కర్లేదు.

ఇంకో విశేషం. పాత క్యాలెండర్‌లో పదో నెలని జపాన్ అంతటా దేవతలు లేని నెల అంటారు. ఇజుమోలో మాత్రం దేవతలున్న నెల అంటారు. ఎందుకంటే దేశంలోని దేవతలందరూ ఆ నెలలో సముద్రం మీదుగా ఇనాసా ఒడ్డుకి వచ్చి, ఇక్కడ మీటింగ్ పెట్టుకుంటారు. ఎవరికి ఎవరితో ముడిపడాలో ఆ మీటింగ్‌లోనే తేలుస్తారట. మన వాళ్లు పెళ్లిళ్లు స్వర్గంలో అవుతాయంటారు. వాళ్లకి వెన్యూ ఇజుమో.

ఆ యాత్రలో గుడి ప్రధాన పూజారి సెంగె హెర్న్‌ని లోపలి మందిరానికి ఆహ్వానించాడు. అప్పటిదాకా ఏ పాశ్చాత్యుడికీ ఆ గౌరవం దక్కలేదంటారు. సెంగె ఆ పీఠంలో 81వ తరం. నిప్పు పుట్టించడానికి వాడే పాత చెక్క సాధనాన్ని కూడా హెర్న్‌కి చూపించారు. మన యజ్ఞాల్లో అరణి లాంటిది. షింటోకి పెద్ద గ్రంథం లేదు, పది ఆజ్ఞలు లేవు, స్వర్గనరకాల లెక్క లేదు అని పాశ్చాత్య పండితులు అప్పట్లో దాన్ని మతమే కాదనేవారు. హెర్న్ ఆ గుడిలోంచి వేరే అభిప్రాయంతో బయటికొచ్చాడు. ఇది పుస్తకాల్లో వెతికితే దొరికే మతం కాదు, జనం పొద్దున్నే కొట్టే చప్పట్లలో, పొలంలో కాగితంలో, చనిపోయినవాళ్లని ఇంటికి పిలుచుకోవడంలో ఉంది అని అతనికి అర్థమైంది.

ఆ చలికాలం మాట్సుయేలో మంచు బాగా పడింది. హెర్న్ జబ్బుపడ్డాడు. ఇల్లు చూసుకోవడానికి మనిషి కావాలి. 1891 మొదట్లో కొయిజుమి సెత్సు ఆ ఇంటికి వచ్చింది. వయసు 23. సమురాయ్ కుటుంబం. పాత రాజ్యం పోయి మేజీ ప్రభుత్వం వచ్చాక సమురాయ్‌ల జీతాలు, హోదా పోయాయి. సెత్సు చిన్నప్పటి నుంచే బట్టలు నేసి ఇల్లు నడిపింది. పెళ్లయింది, భర్త వదిలేసి వెళ్లిపోయాడు. ఆమెకి ఇంగ్లిష్ రాదు. అతనికి జపనీస్ రాదు. వాళ్లు భార్యాభర్తలయ్యారు.

వాళ్లిద్దరి మధ్య ఒక భాష పుట్టింది. క్రియలకి విభక్తులకి దిక్కులేని జపనీస్, మాటలు అటూ ఇటూ అయిపోయిన వాక్యాలు. ఇంట్లో దాన్ని హెరున్ భాష అనేవాళ్లు. మాట్సుయేలో అతని పేరుని హెరున్ అని రాశారు, అదే నిలిచిపోయింది. గ్రామర్ మాస్టారు చూస్తే ఎర్ర ఇంకు అయిపోయేది. ఆ భాషలోనే సెత్సు అతనికి కథలు చెప్పడం మొదలుపెట్టింది.

మొదట్లో చెప్పిన కథల్లో ఒకటి తొత్తోరి దుప్పటి కథ అంటారు. సత్రంలో దిగిన మనిషికి రాత్రి దుప్పట్లోంచి ఇద్దరు పిల్లల గొంతులు వినిపిస్తాయి. నీకు చలేస్తోందా అంటే నీకు చలేస్తోందా అని ఒకరినొకరు అడుగుతుంటారు. ఆరా తీస్తే, తల్లిదండ్రులు పోయిన ఇద్దరు అన్నదమ్ములు, అద్దె కట్టలేక, చివరికి ఆ ఒక్క దుప్పటి కూడా యజమాని లాక్కుంటే, మంచులో ఒకరినొకరు పట్టుకుని చనిపోయారని తెలుస్తుంది. ఇంకోటి మాట్సుయేలో చెప్పుకునే కథ. తీపి పాకం అమ్మే కొట్టుకి ప్రతి రాత్రీ పాలిపోయిన ఆడమనిషి వచ్చి ఒక చిన్న నాణానికి పాకం కొనుక్కుని వెళ్తుంది. ఒకరోజు కొట్టువాళ్లు వెంట వెళ్తే ఆమె శ్మశానంలో మాయమవుతుంది. సమాధి తవ్వితే చనిపోయిన తల్లి, పక్కన బతికున్న పసిబిడ్డ, ఒక చిన్న గిన్నెలో పాకం.

నాలుగేళ్ల వయసులో తల్లి వెళ్లిపోయి, తమ్ముడు ఎక్కడో పెరిగి, చీకటి గదిలో తాళం వెనక పడుకున్న మనిషి ఈ రెండు కథలూ వింటున్నాడని ఒకసారి ఊహించుకోండి. నేను ఈ రెండు కథలూ ముందు విడిగా చదివాను. అతని చిన్నతనం తెలిశాక మళ్లీ చదివితే అవి దయ్యాల కథల్లా అనిపించలేదు.

ఇద్దరూ కలిసి ఇజుమో అంతా తిరిగారు. యాఎగాకి గుడికి వెళ్లాడు. పాము నుంచి కాపాడటానికి సుసానో తన కాబోయే భార్యని దాచిన చోటు అది. అక్కడి కొలనులో కాగితం మీద నాణెం పెట్టి వదులుతారు. తొందరగా మునిగితే తొందరగా పెళ్లి. మిహోనోసెకి అనే రేవుకి వెళ్లాడు. అక్కడి దేవుడికి కోడంటే పడదు, కాబట్టి ఊళ్లో కోళ్లు లేవు, గుడ్డు కూడా దొరకదు. కాకా దగ్గర సముద్రపు గుహకి పడవలో వెళ్లాడు. చనిపోయిన పిల్లలు రాత్రిళ్లు అక్కడికొచ్చి రాళ్లు పేర్చుకుంటారని నమ్మకం. గుహ నిండా చిన్న చిన్న రాళ్ల గోపురాలు, వాళ్ల కోసం తల్లిదండ్రులు వదిలిన బుల్లి గడ్డి చెప్పులు. కాలు తగిలి ఒక గోపురం పడిపోతే మళ్లీ పేర్చే వెళ్లాలి. హెర్న్ దాన్ని మూఢనమ్మకమని రాయలేదు. పడవ నడిపేవాళ్లు ఎంత జాగ్రత్తగా అడుగేశారో అంత జాగ్రత్తగా రాశాడు.

ఇజుమోలో అతనున్నది పదిహేను నెలలు కూడా నిండలేదు. చలి పడక, ఖర్చులు పెరిగి, 1891 నవంబర్‌లో రెట్టింపు జీతం మీద దక్షిణాన ఉన్న కుమమోతోకి వెళ్లిపోయాడు. అక్కడ మూడేళ్లు, తర్వాత కోబేలో పత్రికలో కొన్నాళ్లు. ఇజుమో గురించి రాసిన 'గ్లింప్సెస్ ఆఫ్ అన్‌ఫెమిలియర్ జపాన్' రెండు సంపుటాలుగా 1894లో వచ్చింది. అప్పటికి పెద్ద కొడుకు కజువో పుట్టాడు. చట్టం మళ్లీ అడ్డొచ్చింది. సెత్సు బ్రిటిష్ పౌరుడి భార్య అయితే జపాన్‌లో ఆమె హక్కులు పోతాయి. ఆ పద్ధతిలో పెళ్లి చేసుకోకపోతే అతని తర్వాత ఆమెకి, పిల్లలకి ఏమీ దక్కదు. ఒకప్పుడు మ్యాటీకి జరిగింది ఇదే. ఈసారి అతను తన దేశాన్నే వదులుకున్నాడు. 1896లో భార్య ఇంటి పేరు తీసుకుని జపాన్ పౌరుడయ్యాడు. కొయిజుమి అత్తవారి పేరు. యాకుమో అంటే ఎనిమిది మేఘాలు. పాముని చంపాక సుసానో ఇజుమో మేఘాల మీద ఒక పద్యం చెప్పాడట. జపనీస్‌లో అదే మొదటి పద్యమని వాళ్ల నమ్మకం. ఆ పద్యంలో మొదటి మాట యాకుమో.

733లో రాసిన ఇజుమో స్థలపురాణంలో ఒక కథ ఉంది. ఇజుమోని చేసిన దేవుడికి ఆ నేల మరీ చిన్న గుడ్డపేలికలా అనిపించిందట. సముద్రం అవతల మిగిలిపోయి ఉన్న నేల ముక్కల్ని కోసి, తాళ్లు కట్టి లాక్కొచ్చి, ఒకదానికొకటి కుట్టేశాడు. గ్రీకు తల్లి, ఐరిష్ తండ్రి, ఇంగ్లిష్ స్కూలు, అమెరికా ప్రెస్సు, కరీబియన్ దీవి. ఇలా ముక్కలుగా ఉన్న మనిషికి కుట్టు పడింది అలాంటి నేల మీదే.

1896 నుంచి టోక్యో యూనివర్సిటీలో ఇంగ్లిష్ సాహిత్యం చెప్పాడు. పగలు పాఠాలు, రాత్రి కథలు. సెత్సు పాత పుస్తకాల షాపులన్నీ తిరిగి కథల పుస్తకాలు కొనుక్కొచ్చి చదువుకునేది. రాత్రి దీపం వత్తి తగ్గించి అతనికి చెప్పాలి. పుస్తకం చూసి చదివితే ఒప్పుకునేవాడు కాదు. తన మాటల్లో, తనకి అనిపించినట్టు చెప్పాలి. భయమేసే చోట అతని ముఖం పాలిపోయేది. ఆ చోటే మళ్లీ చెప్పించుకునేవాడు. ఆ మాట ఏ గొంతుతో అన్నారు, చెప్పుల చప్పుడు ఎలా ఉంది అని ఆరాలు. చెవులు కోల్పోయిన గుడ్డి గాయకుడు హోయిచి కథ రాస్తున్న రోజుల్లో చీకటిపడినా దీపం పెట్టనివ్వలేదట. సెత్సు పక్క గదిలోంచి మెల్లగా హోయిచి అని పిలిస్తే, హోయిచిలాగే తను గుడ్డివాణ్ణని, వచ్చింది ఎవరని జవాబిచ్చాడట. తర్వాత పొడవు కాళ్ల బల్ల ముందు కూర్చుని, కాగితానికి కన్ను ఆనించినంత దగ్గరగా పెట్టి, ఇంగ్లిష్‌లో రాసేవాడు. తిరగరాసేవాడు, మళ్లీ తిరగరాసేవాడు.

1903లో యూనివర్సిటీ అతన్ని వదులుకుంది. విద్యార్థులు గొడవ చేశారు, ఫలితం లేదు. అతని స్థానంలో వచ్చిన లెక్చరర్ నత్సుమె సోసెకి, తర్వాత జపాన్ గొప్ప నవలాకారుడు. 1904లో వసేదాలో చేరాడు. అదే సంవత్సరం 'క్వైదాన్' వచ్చింది. ఆ మాటకి వింత కథలని అర్థం. టోక్యోలో కైదాన్ అంటారు. సెత్సు ఇజుమో యాసలో క్వైదాన్ అనడం వల్ల అలాగే ఉంచాడంటారు. 1904 సెప్టెంబర్ 26న గుండె ఆగి చనిపోయాడు. వయసు 54. తను పోతే ఏడవొద్దని, చిన్న జాడీ ఒకటి కొని ఎముకలు అందులో వేసి ఎక్కడో మారుమూల గుడి దగ్గర పెట్టమని అంతకుముందే సెత్సుకి చెప్పాడు. టోక్యోలోని జోషిగాయ శ్మశానంలో అతని సమాధి ఉంది.

హెర్న్ మీద విమర్శలున్నాయి. పాత జపాన్‌ని మరీ అందంగా చూపించాడని, రైళ్లు, ఫ్యాక్టరీలు, యుద్ధనౌకలు కడుతున్న అసలు జపాన్‌ని చూడటానికి ఇష్టపడలేదని అంటారు. అందులో నిజముంది. నాకు ఇంకో విషయం కొరుకుడు పడదు. 'క్వైదాన్' కవర్ మీద ఒకటే పేరుంది. సగం రాత్రులు మేలుకుని కథ చెప్పిన మనిషి పేరు లేదు. మ్యాటీ పేరు పోయినట్టే ఈ పేరు కూడా పోయేదే. కానీ సెత్సు తర్వాత తన జ్ఞాపకాలు చెప్పి పుస్తకంగా వేయించింది. దీపం, చీకటి, పక్క గదిలోంచి పిలుపు, ఇవన్నీ మనకి ఆమె చెప్తేనే తెలిశాయి. ఇన్నేళ్లకి, 2025లో, జపాన్ టీవీలో రోజూ పొద్దున వచ్చే సీరియల్ ఒకటి ఆమె జీవితం ఆధారంగానే తీశారు. పేరు 'బాకెబాకె'. అందులో హీరో హెర్న్ కాదు, ఆమే.

మన క్లబ్ మీటింగ్‌కి రమ్మంటే చాలామంది ఒకటే మాట అంటారు, మాకు అంత మంచి తెలుగు రాదు అని. నేనూ ఇంగ్లిష్ మీడియమే. నా వాక్యాల్లో ఎన్ని ఇంగ్లిష్ మాటలున్నాయో మీరు ఇప్పటికే లెక్కపెట్టి ఉంటారు. కానీ ఒక దేశం దేవతలు, దయ్యాలు, చనిపోయిన పిల్లల గుహలు సముద్రాలు దాటి వెళ్లింది మంచి భాషలో కాదు. వ్యాకరణం లేని, నిఘంటువు లేని, సగం సగం మాటల భాషలో. ఒకరు చెప్పడానికి సిద్ధంగా ఉన్నారు, ఒకరు వినడానికి సిద్ధంగా ఉన్నారు, అంతే. మీ ఇంట్లో కూడా చెప్పడానికి సిద్ధంగా ఉన్నవాళ్లు ఒకరైనా ఉండే ఉంటారు. ఈసారి సెలవులకి వెళ్లినప్పుడు లైట్ కాస్త తగ్గించి, ఫోన్ పక్కనపెట్టి ఊ కొట్టి చూడండి. రాసుకుంటే మాత్రం ఆ పేరు కూడా రాయండి.

సెత్సు 1932లో చనిపోయింది. హెరున్ భాష మాట్లాడగలిగినవాళ్లు లోకంలో ఇద్దరే. ఆమెతో అది ఆగిపోయింది. అందులో చెప్పిన కథలు మాత్రం ఇంకా చదువుతున్నారు.